సూర్యుడి అలలు, మా ఇంటామె కుళ్ళు

మా ఇంటామెకు కుళ్ళు జాస్తి. ఈ మాట చాటుగా చెప్పడం లేదు. నలుగురిలో ఆమె ముందే అంటాను, ఆమె కూడా కాదనదు. పేరు ప్రమీల. మిర్యాలగూడలో మా కాపురం. మాడుగులపల్లిలో హైస్కూలు పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెబుతుంది. నేను ఏసుపాదాన్ని, కాలువ మీద లష్కర్ని. అంటే వంతు ప్రకారం షట్టర్లు ఎత్తి నీళ్ళు వదలడం, దించి ఆపడం నా పని. ప్రమీల మా మేనత్త కూతురు. నేను ఇంటర్ తప్పి, మా నాయన పోయాక ఆయన ఉద్యోగంలో చేరాను. ఆమె పెళ్ళయినాక కూడా చదువు వదలకుండా ఎమ్మెస్సీ చేసింది. చదువు ఆమెది, నీళ్ళు నావి అని మా ఇంట్లో పంపకం.

ఈ కుళ్ళు ఆమెకు పుట్టుకతో వచ్చింది. వాడపల్లిలో చిన్నప్పుడు క్రిస్మస్ నాటకంలో వాళ్ళక్క సుందరమ్మకు మరియమ్మ వేషం ఇచ్చారని ఈమెకు జ్వరం వచ్చింది. దొంగ జ్వరం కాదు, మా మేనత్త ఈమె నుదుటి మీద తడిగుడ్డ వేసింది. పోనీ ఆ వేషం తనకు కావాలా అంటే అదీ లేదు, పదిమందిలో నోరు విప్పాలంటే అప్పట్లో ఆమెకు వణుకు. అక్కకు రావడమే బాధ. పెళ్ళయిన కొత్తలో పక్కింటి వెంకటనర్సమ్మ ఇచ్చిన మామిడికాయ తొక్కు బాగుందని నేను నోరు జారాను. ఆ ఎండాకాలం మా ఇంట్లో తొక్కే పెట్టలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అనే సామెత మా ఇంట్లో పైకి అనకూడదు.

అయితే కుళ్ళుకున్నప్పుడు ఆమె ఎవరినీ తిట్టదు, చాడీలు చెప్పదు. గిన్నెలు తోముతుంది. తోమిన గిన్నెలే మళ్ళీ తోముతుంది. వంటింట్లో చప్పుడును బట్టి స్కూల్లో ఎవరికి సన్మానం జరిగిందో నేను చెప్పగలను. ఆ తర్వాత పుస్తకం పట్టుకుని కూర్చుంటుంది. ఆమె చదివిన చదువులో సగం ఆ కడుపుమంట మీద ఉడికిందే. అందుకని నేను కూడా వేళాకోళం చేస్తానే గాని మానమని ఎప్పుడూ అనలేదు.

ఇవన్నీ చిల్లర కుళ్ళు. టోకు కుళ్ళంతా హిమజ మీద.

హిమజది కోదాడ. భూములున్న ఇల్లు, వాళ్ళ పొలాలన్నీ బోర్ల కింద పండుతాయి. నల్గొండలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఇద్దరిదీ హాస్టల్లో ఒకటే గది. ప్రమీల కోడి కూయకముందే లేచి చదివేది. హిమజ దుప్పటి ముసుగులోంచే, "కొంచెం గట్టిగా చదువే, నేను కూడా వింటా" అనేది. తీరా ఫలితాలు వచ్చేసరికి హిమజకే నాలుగు మార్కులు ఎక్కువ. వాళ్ళ నాన్న కారేసుకుని వచ్చినప్పుడల్లా కూతురితో సమానంగా ఈమెకు కూడా జామపండ్లు, సకినాలు తెచ్చేవాడు. పుస్తకాలు కొనలేకపోతే హిమజే తన పుస్తకాలు ఇచ్చేది. ప్రమీల తీసుకునేది, తీసుకుని కుళ్ళుకునేది. పెట్టిన చేతి మీద కూడా కుళ్ళేనా అని ఒకసారి అడిగాను.

"ఇచ్చేటోళ్ళకేం తెలుస్తదయ్యా తీసుకునేటోళ్ళ బాధ" అన్నది.

ఆ మాట మీద నేను వేళాకోళం చేయలేదు.

అంత కుళ్ళున్నా స్నేహం తెగలేదు. హిమజకు అనంతగిరిలో ఉద్యోగం వచ్చింది, ఆమె కూడా ఫిజికల్ సైన్సే. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ప్రమీల ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చునేది. అరగంట, గంట. మాటల్లో సగం నాకు అర్థమయ్యేవి కావు. మధ్యమధ్య పగలబడి నవ్వేది. నా మాటలకు ఆమె అట్లా ఎప్పుడూ నవ్వలేదు. ఆ గంటసేపు నాకు కూడా కొంచెం కుళ్ళుగానే ఉండేదని ఒప్పుకుంటాను.

మన ఆదిత్య ఉపగ్రహం సూర్యుడిని చూడటానికి పోయినప్పటి నుంచి ఇద్దరికీ సూర్యుడి పిచ్చి పట్టింది. నాకు అర్థమైనంత చెబుతాను, తప్పులుంటే నావే. సూర్యుడి పైతోలు అయిదారు వేల డిగ్రీల వేడి అట. మంటకు దూరం జరిగితే సెగ తగ్గాలి గదా. అక్కడ కొద్దిదూరం తగ్గి, ఆ తర్వాత ఉన్నట్టుండి పెరిగిపోయి పది లక్షల డిగ్రీలు దాటుతుంది. పొయ్యి దగ్గరకంటే వాకిట్లో ఎక్కువ కాలినట్టు. అంత వేడిని పైకి ఎవరు మోస్తున్నారు? అలలు మోస్తున్నాయని కొందరంటారు, వేరే కారణాలు చెప్పేవాళ్ళూ ఉన్నారు. సూర్యుడి లోపల కుతకుత ఉడుకుతుంటే ఆ కుదుపుకు అలలు పుట్టి పైకి పోతాయి. కింద వాయువు చిక్కన, పైన బాగా పలచన. చిక్కదనం పోయి పలచదనం మొదలయ్యే చోట ఒక సన్నని పొర ఉంది. అక్కడికి వచ్చిన అలల్లో చాలామట్టుకు తగిలి వెనక్కి తిరుగుతాయి, కొన్ని మాత్రం దూరి పైకి పోతాయి. ఏవి తిరుగుతాయి, ఏవి దూరుతాయి, దూరినవి ఎంత వేడి పుట్టిస్తాయి అని ప్రపంచంలో పెద్దపెద్దవాళ్ళు తల పట్టుకున్నారట. వాళ్ళతో పాటు మాడుగులపల్లిలో ఈమె, అనంతగిరిలో ఆమె కూడా పట్టుకున్నారు.

పోయిన యాసంగి పంటకాలంలో సూర్యాపేటలో సైన్స్ టీచర్ల సంఘం వాళ్ళు ఒక కబురు చెప్పారు. బెంగళూరు నుంచి ఒక మేడమ్ వస్తుంది, సూర్యుడి అలల మీదే ఆమె పరిశోధన. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల టీచర్లలో ఒక్కరిని ఎంచుకుని, తమిళనాడులో కొండ మీద ఉన్న సూర్యుడి దుర్బిణి దగ్గర ఎండాకాలం నెలరోజులు ఉంచుకుంటుంది. సూర్యుడి అలలు ఎట్లా పోతాయో, ఎట్లా వెనక్కి తిరుగుతాయో మన చుట్టూ దొరికే వస్తువులతో పిల్లలకు పాఠం చెప్పాలి. ఎవరు బాగా చెబితే వాళ్ళకే ఆ సీటు.

ప్రమీల ఆ రోజు అన్నం తినలేదు. ఆమెకు ఆ కొండ కావాలి. అంతకుముందు ఏదీ అట్లా కావాలనడం నేను చూడలేదు. పాతికేళ్ళుగా పక్కవాళ్ళకు వచ్చిందని ఏడ్చిన మనిషి, మొదటిసారి తనకే ఒకటి రావాలని కోరుకుంది.

ఆమె పాఠం తాడు పాఠం. గీత కార్మికుల దగ్గర లావుపాటి మోకు ఒకటి అడిగి తెచ్చింది. దాని కొసకు సన్నని సుతిలి ముడేసింది. మోకు చివర నేను పట్టుకోవాలి, సుతిలి చివర ఆమె. మోకును ఒక్క విదిలింపు విదిలిస్తే అల పాములాగా పోతుంది. ముడి దగ్గరికి పోగానే కొంత వెనక్కి తిరిగి నా చేతికే వస్తుంది, కొంత సుతిలిలోకి దూరి అక్కడ ఇంకా ఎత్తుగా ఎగురుతుంది. మోకు అంటే సూర్యుడి కింది చిక్కని పొర, సుతిలి అంటే పై పలచని పొర. నాకే అర్థమైందంటే పిల్లలకు అర్థం కాకపోతుందా? పదిరోజులు నాతో విదిలింపించింది, భుజం పట్టేసింది.

అప్పుడే ఒక ఆదివారం హిమజ మా ఇంటికి భోజనానికి వచ్చింది. చేపల పులుసు తింటూ నా పని గురించి అడిగింది. ఎవరైనా అడిగితే నాకు సంబరం. షట్టర్ సగం దించితే నీళ్ళు ఏం చేస్తాయో చెప్పాను. పైనుంచి వచ్చిన అల షట్టర్‌కు కొట్టుకుని కొంత వెనక్కి ఉరుకుతుంది, కొంత కింది సందులోంచి దూరిపోతుంది. పై షట్టర్, కింది షట్టర్ రెండూ దించితే మధ్యలో నీళ్ళు ఇటు అటు ఊగుతూనే ఉంటాయి, ఆగవు. హిమజ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది.

"అన్నయ్యా, ఇది ఇన్నాళ్ళూ చెప్పలేదేంటి? సూర్యుడి మీద జరిగేది ఇదే కదా. నేను పిల్లల్ని కాలువ గట్టుకే తీసుకెళ్తా" అన్నది.

ఆమె వెళ్ళిపోయాక గిన్నెలు మొదలయ్యాయి. చాలాసేపటికి ప్రమీల బయటికి వచ్చింది.

"నువ్వు గీ ముచ్చట నాకెన్నడన్న చెప్పినవా?"

"నువ్వెన్నడన్న అడిగినవా?"

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. తాను ఎక్కడెక్కడి పుస్తకాల్లోనో వెతుకుతున్న పాఠం తన మొగుడి బురద కాళ్ళ దగ్గరే ఉంటే, ఆ కారున్న మనిషి వచ్చి ఒక్క పూట భోజనంతో ఎత్తుకుపోయింది. తాడు పాఠం కంటే కాలువ పాఠం గొప్పదని ఆమెకు వెంటనే తెలిసిపోయింది. నాకు కూడా తెలిసింది.

పేర్లిచ్చినవాళ్ళలో చివరికి వీళ్ళిద్దరే మిగిలారు. మేడమ్ వచ్చింది. సూర్యాపేటలో దిగి, మొదటి రోజు పొద్దున మాడుగులపల్లిలో ప్రమీల పాఠం, మరునాడు పొద్దున అనంతగిరి దగ్గర కాలువ మీద హిమజ పాఠం, ఆ మరునాడు సూర్యాపేట హాల్లో ఫలితం అని పెట్టారు. ప్రమీల పాఠం బాగా జరిగిందట. నేను చూడలేదు. ఎందుకంటే ఆ పొద్దునే పై కాలువకు గండి పడింది.

లష్కర్లందరినీ అక్కడికి పిలిచారు, అనంతగిరి వైపు చూసే తావుర్యాతో సహా. పైనే షట్టర్లు దించేశారు. అంటే వంతు ఇంకా మిగిలి ఉన్నా కింది కాలువలకు నీళ్ళు రావు, కాలువలో ఉన్నవి ఆ సాయంత్రం దాకా పారి అయిపోతాయి. ఇసుక బస్తాలు మోస్తుంటే నాకు హిమజ పాఠం గుర్తొచ్చింది. మధ్యాహ్నం ప్రమీలకు ఫోన్ చేశాను.

"గండి వడ్డది. పొద్దుగూకేదాంక గా కాలువల నీళ్ళుంటయి, తెల్లారితే ఉండయి. పాఠం ఇయ్యాల్లనే పెట్టుకోమని హిమజకు చెప్పు. మేడమ్ సూర్యాపేటలనే ఉన్నది గదా, గంటల వస్తది."

"చెప్తలే" అన్నది.

నేను నిశ్చింతగా మళ్ళీ బస్తా ఎత్తుకున్నాను. రాత్రి ఇంటికి వచ్చి పడుకున్నవాణ్ణి తెల్లారేదాకా లేవలేదు. లేచేసరికి ప్రమీల చీర కట్టుకుని తయారుగా ఉంది. అనంతగిరికి రమ్మని మేడమ్ పిలిచిందట. పాఠం నిన్నే అయిపోయింది గదా, ఈ రోజు మాట్లాడుకోవడానికి పిలిచి ఉంటారనుకున్నాను. హిమజ నన్ను కూడా రమ్మని ముందే చెప్పింది, ఆ కాలువ మాట మీదే కదా అన్నయ్యా అని. బండి తీశాను.

గట్టు మీద పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో థర్మకోల్ ముక్కలు, నీళ్ళలో వేస్తే అల కనబడాలని. మేడమ్ గొడుగేసుకుని నిలబడింది. కాలువలో బురద, అక్కడక్కడ మడుగులు, మడుగుల్లో కొట్టుకుంటున్న చిన్న చేపలు. హిమజ నన్ను చూడగానే ఎదురొచ్చింది.

"అన్నయ్యా, నీళ్ళేవి? వంతు ఇంకా ఉంది కదా. తావుర్యా ఫోన్ ఎత్తట్లేదు."

"నిన్న గండి వడ్డదమ్మా. మధ్యాహ్నమే చెప్పిన గదా, ప్రమీల నీకు ఫోన్ చెయ్యలేదా?"

మాట బయటికి వచ్చేశాక గాని నాకు విషయం తలకెక్కలేదు. హిమజ నా వెనకాల నిలబడ్డ ప్రమీలను చూసింది. ప్రమీల బురదలో చేపలను చూస్తోంది. అంతసేపు చేపలను ఎవరూ చూడరు.

హిమజ మేడమ్ దగ్గరికి పోయి, కాలువల సంగతి ఇట్లాగే ఉంటుంది మేడమ్, ఎప్పుడు ఆగుతాయో చెప్పలేం అన్నది. గండి మాట చెప్పింది గాని ప్రమీల పేరు ఎత్తలేదు. ఆ తర్వాత షట్టర్ పక్కన నిలబడి చేతులతోనే పాఠం చెప్పింది. ఇక్కడ అల వస్తుంది, ఇక్కడ తిరుగుతుంది, ఇక్కడ దూరుతుంది అని. పిల్లలు తలూపారు. నీళ్ళు లేని కాలువలో అల ఎవరికి కనబడుతుంది? థర్మకోల్ ముక్కలు పట్టుకున్న పిల్ల ఒకతి, టీచర్, ఇవి ఎక్కడ వేయాలి అని అడిగితే హిమజ, మీ దగ్గరే దాచుకోండి అన్నది.

దారిలో బండి ఆపేశాను. నాకు కోపం వస్తే బండి నడపలేను.

"ఎందుకు చెప్పలే?"

"ఫోన్ చేతిలనే ఉండె. ఆమె పేరు కూడ తీసిన. నొక్కలే."

"అదే ఎందుకు అంటున్న."

"ఆమెకు భూమున్నది, కారున్నది, నాయినున్నడు. నువ్వు చెప్పిన కాలువ కూడ ఆమెకే పోయింది. గీ ఒక్కటి నాకు గావాలె. నాకు గావాలె అంతే." మళ్ళీ అన్నది, "సూసినవా, మేడమ్ ముంగట నా పేరు కూడ చెప్పలే. గక్కడ కూడ ఆమెనే గొప్పది అయింది."

దేవుడా, దానికి కూడా కుళ్ళే. మేడమ్‌కు నిజం చెప్పు, ఇంకో రోజు నీళ్ళు వచ్చాక ఆమె పాఠం చూడమను అన్నాను. చెప్తే సీటు ఆమెకే ఇస్తరు, నేనియ్య అన్నది. అబద్ధం ఆడకుండా అంత మాట అన్నందుకు కొట్టాలో మెచ్చుకోవాలో తెలియలేదు. మళ్ళీ బండి తీశాను.

సూర్యాపేట హాల్లో ప్రమీల పేరే చదివారు. చప్పట్లు కొట్టారు. సూర్యుడి పేరు పెట్టుకున్న ఊర్లో సూర్యుడి సీటు వచ్చింది, మా వాళ్ళెవరికైనా అంతకంటే ఏం కావాలి? నాకు మాత్రం నవ్వు రాలేదు. హిమజ కూడా వచ్చింది, చప్పట్లు కూడా కొట్టింది. అందరూ చాయ్ తాగుతుంటే ప్రమీల దగ్గరికి వచ్చి నెమ్మదిగా అన్నది.

"వెళ్ళి చూసి రా. బాగా చూడు. నాకు మాత్రం ఇక ఫోన్ చెయ్యకు."

ప్రమీల ఏదో అనబోయింది. హిమజ ఆగలేదు. ఆ తర్వాత ఆదివారాలు చర్చి నుంచి రాగానే ప్రమీల అలవాటు చొప్పున మెట్ల మీద కూర్చునేది, ఏమీ చేయకుండా లేచి లోపలికి పోయేది. నాకు జాలి కలిగింది. కలిగినా నేనూ ముభావంగానే ఉన్నాను, చేసిన పని అట్లాంటిది. వెళ్ళే రోజు మాత్రం కొండ మీద చలంట అని స్వెట్టర్ కొనుక్కొచ్చి సంచిలో పెట్టాను.

కొండ మీది నుంచి రోజూ ఫోన్. పొద్దున మబ్బు పట్టకముందే సూర్యుడిని చూస్తారట. ఉత్తకంటితో కాదు, తెర మీద. ఎర్రగా, వెంట్రుకలు దువ్వినట్టు గీతలుంటాయట. నడుమ నల్లమచ్చలు. ఆ మచ్చలో నుంచి అలలు లేచి గుండ్రంగా పాకుతూ పోవడం కనబడుతుందట. ఒకరోజు ఆమె గొంతు మారిపోయి ఉంది.

"ఏమయ్యా, ఇయ్యాల సూసిన. మచ్చ నడుమల మెరిసింది, అల బయటికి పోయింది, మల్ల మెరిసింది. మోకు ముడి కాడ తిరిగినట్టు కొన్ని తిరుగుతున్నయి, లెక్కలల్ల కనవడుతున్నది. కొన్ని పైకి పోతున్నయి. నేను నా కండ్లతోని సూసిన."

"మంచిగున్నది" అన్నాను. నిజంగానే సంతోషం కలిగింది. సంతోషం కలిగితే నాకు వచ్చే మాట ఒక్కటే. "అన్నం తిన్నవా?"

"తిన్న" అన్నది. "నీ తప్పేం లేదు. నీకేం తెలుస్తది."

"హిమజకు చెప్పరాదు?"

ఫోన్ పెట్టేసింది. నాకు అప్పుడు అర్థమైంది ఆమె ఎంత పోగొట్టుకుందో. భూమండలం మీద ఆ మెరుపు సంగతి వింటే ఎగిరి గంతేసే మనిషి ఆమెకు ఒక్కతే ఉండేది. ఆ మనిషి మీద గెలవడానికే ఆ కొండ ఎక్కింది. ఎక్కి చూశాక చెప్పుకోవడానికి నేను మిగిలాను, అన్నం తిన్నావా అని అడిగేవాణ్ణి.

కాసేపటికి వీడియో వచ్చింది. ఎర్రటి పొలం నడుమ మాడిపోయిన రొట్టెలాగా మచ్చ, అందులో నుంచి చెరువులో రాయేసినట్టు అలలు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. చూసి, ఎవరినీ అడగకుండా హిమజకు పంపాను. ఒక్క మాట కూడా రాయలేదు. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు. ఆ రోజంతా రాలేదు.

మరునాడు నేను కాలువ గట్టు మీద ఉండగా హిమజే ఫోన్ చేసింది. నమస్కారం లేదు, బాగున్నారా లేదు.

"అన్నయ్యా, ఆ మచ్చ నడుమ ఎన్ని నిమిషాలకోసారి మెరుస్తోందో కనుక్కోండి. కింది పొరలో అయిదు నిమిషాలకోసారి ఊగేది, పైకి వెళ్ళేసరికి మూడు అవుతుందంటారు. ఆమె నిజంగా కూర్చుని లెక్కపెట్టిందా, లేక పుస్తకంలోది చెప్తుందా? అది అడగండి. నేను అడిగానని చెప్పకండి."

ప్రమీలకు చేశాను. మచ్చ ఎన్ని నిమిషాలకు మెరుస్తున్నది అని అడిగాను. ఆమె నవ్వలేదు. ఇన్నేళ్ళ కాపురంలో నేను సూర్యుడి మీద అడిగిన మొదటి ప్రశ్న అది. ఎవరిదో ఆమెకు తెలియకుండా ఉంటుందా?

"ఆమెకు పంపినవా?"

"పంపిన."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"మూడని చెప్పు. గడియారం పెట్టుకొని నేనే లెక్కవెట్టిన అని చెప్పు. పుస్తకంలది కాదు. ఇంకేమన్నది?"

"ఏమనలే."

"నా గురించి?"

"ఏమనలే ప్రమీలా."

"కుళ్ళుకున్నదా?"

ఈ మాట ఏ గొంతుతో అడిగిందో నేను రాయలేను. గెలిచిన మనిషి అడిగినట్టు లేదు. నాకు తెలవదు, అడిగి చెప్తా అన్నాను. కుళ్ళు గురించి అడగడానికి నేనెందుకు సిగ్గుపడతాను, దానితోనే కాపురం చేస్తున్నవాణ్ణి. హిమజకు చేసి, మూడు నిమిషాలట, గడియారం పెట్టి తనే లెక్కపెట్టిందట అని చెప్పాను. ఊఁ అన్నది. ఆ తర్వాత ఉన్నదున్నట్టు అడిగేశాను, నువ్వు కుళ్ళుకున్నావా అని అడుగుతోంది అని.

"నిన్నటి నుంచి ముద్ద దిగట్లేదని చెప్పండి అన్నయ్యా. అది నేను చూడాల్సింది. నా పిల్లలు ఆ థర్మకోల్ ముక్కలు ఇప్పటికీ దాచుకున్నారు. ఆ ప్రమీలను చూస్తే కొట్టాలనిపిస్తోందని చెప్పండి. ఇంకో వీడియో ఉంటే పంపమనండి. మాట్లాడను, కానీ పంపమనండి."

అక్షరం పొల్లుపోకుండా ప్రమీలకు అప్పజెప్పాను. ముద్ద దిగడం లేదన్న మాట మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. కొట్టాలనిపిస్తోందన్నది కూడా చెప్పించుకుంది. నాకు ఏడుపు వినబడింది.

"పొద్దున మంచి వీడియోలు తీసిన. రెండున్నయి, పంపుతున్న" అన్నది. "పెద్దది ముందు చూపియ్యి. అది చూస్తే ఆమెకు ఇంకా కుళ్ళు లేస్తది."